రెండో కాలు

జనవరి 9

కాలు స్టూలు మీద ఉంది. స్టూలు కింద ఇటుక. ఇటుక పెట్టింది మా ఆవిడ. ఎత్తు మీద ఉంచితే వాపు తగ్గుతుందని ఆసుపత్రిలో చెప్పారట. నాకు చెప్పలేదు, దానికి చెప్పారు. కాలేమో నాది.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "మంచు కదా, జారుతుంది." ఊహ తెలిసినప్పటి నుంచి కొండ మీద తిరుగుతున్నాను. కొండ ఎక్కడానికి వచ్చే పార్టీలను పైకి తీసుకెళ్ళి కిందికి తీసుకురావడమే నా బతుకు. మంచు జారుతుందని వీళ్ళు నాకు చెప్పాలా? మంచు తప్పు కాదు, రబ్బరు తప్పు. ఎప్పుడూ గాజులా గడ్డకట్టి ఉండే గాజు వాలు దాటి తిరిగి వస్తుంటే, బూటుకు రబ్బరు పట్టీతో తగిలించిన ముళ్ళ గొలుసు గిర్రున తిరిగిపోయింది. అడుగున ఉండాల్సిన ముళ్ళు పాదం మీదికి వచ్చాయి. అంతే జరిగింది. రబ్బరుది తప్పు. ఆ రబ్బరు అమ్మిన నా బావమరిదిది తప్పు.

వాడూ వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. రబ్బరు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాడి బత్తాయి ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

జనవరి 10

ఒక బత్తాయి తిన్నాను. పుల్లగా ఉంది. వాడు తెచ్చేవన్నీ ఇంతే.

జనవరి 12

మేస్త్రీ వచ్చాడు. గైడ్ల జట్టు మొత్తానికి పెద్ద. కుర్చీ లాక్కుని కూర్చుని, పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు నా ప్లాస్టరు మీద వేలితో కొట్టి చూశాడు.

"ఫిబ్రవరి పన్నెండున మొదటి పార్టీ. అప్పటికి లేస్తావా?"

"లేస్తాను."

"లేవడం వేరు, ఎక్కడం వేరు. నీ వంతు ఏం చెయ్యమంటావో చెప్పు."

జట్టులో ఇంటికొక వంతు. మొదటి పార్టీ నాడు ఇంటి నుంచి మనిషి రాకపోతే ఆ వంతు ఇంకో ఇంటికి పోతుంది, మళ్ళీ రాదు. ఇది నేను రాసుకోనక్కర్లేదు, నాకు తెలిసిందే. రాస్తే కోపం కాస్త తగ్గుతుందేమోనని రాశాను. తగ్గలేదు.

వంటింటి గుమ్మం దగ్గర నుంచి మా అమ్మాయి అంది, "నేను వెళ్తాను పెదనాన్నా."

మేస్త్రీ నవ్వాడు. "కింది బసకు సామాను మోసినంత తేలిక కాదమ్మా గాజు వాలు."

"ఆ సామాను మోసింది కూడా ఈ కాళ్ళతోనే."

"నాలిక మటుకు మీ నాన్నదే. కాళ్ళు ఎవరివో చూడాలి. సరే, మీ నాన్న సరేనంటే నాదేముంది?"

నేను వద్దన్నాను. ఒకటికి రెండుసార్లు వద్దన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అది మాట్లాడకపోతే ఇంట్లో మిగతావన్నీ మాట్లాడతాయి. గిన్నెలు, తలుపులు, ఆఖరికి దులిపే దుప్పటి కూడా.

జనవరి 13

అది వెళ్ళదు. ఇంతటితో అయిపోయింది.

జనవరి 16

అది వెళ్ళదు. కానీ ఎవరు వెళ్ళినా కాలికి ఏం వేసుకుని వెళ్ళాలన్నది ఆలోచించాల్సిన విషయమే. ఊరికే కూర్చున్నాను కనుక ఆలోచిస్తున్నాను. కొట్లో ఉన్న రకాలన్నీ పట్టుకురమ్మని బావమరిదికి కబురు పెట్టాను.

గోనెసంచి తెచ్చి నేల మీద కుమ్మరించాడు. మేము ముళ్ళు అంటాం. వాడు కొట్టు పెట్టినప్పటి నుంచి స్పైకులు అంటున్నాడు.

"ఎవరికి బావా?"

"ఎవరికీ కాదు."

"సైజు ఎంత?"

"ఎవరికీ కానప్పుడు సైజేమిటి?"

వాడి చూపు గుమ్మం పక్కనున్న అమ్మాయి బూట్ల మీదికి పోయింది. నేను చేతికర్రతో వాటిని తలుపు వెనక్కి తోశాను. వాడు నవ్వు మింగాడు. మింగడం నాకు కనిపించింది. ఒళ్ళు మండింది.

మొదట స్ప్రింగు తీగ రకం చూశాను. బూటు అడుగున తీగ చుట్లు చుట్లుగా ఉంటుంది. పెరట్లో బట్టలుతికే చోటు నుంచి పారిన నీళ్ళు వాలంతా గడ్డకట్టి ఉన్నాయి. మా ఆవిడను తగిలించుకుని నడవమన్నాను. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను.

"మీ ప్రయోగాలకు ఇంట్లో నేనే దొరికానా?" అంటూనే తగిలించుకుంది. చదును మీద బాగానే నడిచింది. వాలుకు అడ్డంగా అడుగు వేయగానే రెండు కాళ్ళూ ఒక్కసారే పక్కకు పోయాయి. బట్టల తాడు దొరకబుచ్చుకుని వేలాడింది.

"ఏమైంది?" అని అరిచాను.

"ఏమీ కాలేదు. ఉతికారు కదా, ఆరుతున్నాను."

తీగ రకం వీధి చివర దాకా వెళ్ళి రావడానికి. కొండకు పనికిరాదు.

జనవరి 18

రబ్బరు పట్టీకి ముళ్ళ గొలుసు ఉండే రకం. నన్ను పడేసింది ఇదే. మూడు జతలు కిటికీ బయట చలిలో రాత్రంతా వదిలేశాను. పొద్దున తీసి లాగితే ఒకదాని రబ్బరు ఎండిన తోలులా పగుళ్ళిచ్చింది. రెండోది కట్టెలా బిగుసుకుపోయింది. మూడోది సాగింది, మళ్ళీ దగ్గరికొచ్చింది. అంటే మూడింట్లో ఒక్కటే రబ్బరు. మిగతావి రబ్బరు వేషం వేసుకున్నవి.

ఆ ఒక్కటీ పెద్ద సైజు. అమ్మాయి బూటుకు తొడిగి (బూటు అక్కడ ఉంది కనుక తొడిగాను) చేత్తో పక్కకు తిప్పితే తిరిగింది. తిరగకూడదు. తగిలించాక కాలు విదిలించినా బూటుతో ఒకటే అయినట్టు ఉండాలి. నాది కూడా పెద్ద సైజే. కొట్లో అన్నీ పెద్ద సైజే. బావమరిదిని పిలిపించాను.

"అన్నీ పెద్దవే ఎందుకు తెస్తావురా?"

"పెద్దదైతే ఎవరి బూటుకైనా ఎక్కుతుంది బావా. చిన్నది తెస్తే సగం మందికి పట్టదు."

"పట్టడం కాదురా కావాల్సింది, పట్టుకోవడం. నీ పిసినారితనం నా కాలి మీదికి వచ్చింది."

చాలాసేపు తిట్టాను. వాడు నెత్తి గోక్కుంటూ విన్నాడు. పగిలినవీ బిగుసుకుపోయినవీ కొట్లో ఎన్నుంటే అన్నీ ఈ రోజే పారేయమన్నాను. సరేనన్నాడు. సంచి భుజానికెత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగాడు.

"తప్పు నాదే బావా, కాదనను. కానీ ఒకటడుగుతాను, రెండో కాలికేం ఉంది?"

"బూటు ఉంది."

"బూటు సరే, దాని కింద?"

బయటికి పొమ్మన్నాను.

జనవరి 19

ఒకటే వేసుకున్నాను. అందరూ ఒకటే వేసుకుంటారు.

జనవరి 20

అందరూ ఒకటే వేసుకుంటారు. మా నాన్న కాలంలో ఇనుము దొరకక కమ్మరి ఒక్కటొక్కటే చేసిచ్చేవాడు. అప్పుడు మొదలైంది. వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు బరువంతా లోయవైపు కాలి మీద ఉంటుంది. ముళ్ళు ఆ కాలికి ఉంటే చాలు. కొండవైపు కాలు ఊరికే తోడు. తిరిగొచ్చేటప్పుడు ముళ్ళు రెండో కాలికి మార్చుకుంటాం. పార్టీలో ముళ్ళు లేనివాడు ఎవడో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. రెండోది వాడికిస్తాం. గైడ్ అన్నవాడు రెండు కాళ్ళకూ వేసుకుంటే జట్టులో ఏమంటారో నాకు తెలుసు. నేనూ అన్నాను ఒకప్పుడు, ఒకడిని. వాడు పని మానేసి వెళ్ళిపోయాడు.

పద్ధతిలో తప్పు లేదు. రబ్బరుది తప్పు.

జనవరి 27

ప్లాస్టరు కోసేశారు. కాలు నాది కాదన్నట్టుంది. పాలిపోయి, సన్నబడి, ఈకలు పీకేసిన కోడి కాలులా ఉంది. మోకాలు వంగడం లేదు. మెల్లగా వంచండి అన్నాడు డాక్టరు. మెల్లగా చేసే ఓపికుంటే నేను ఈ పనిలో ఎందుకుంటాను?

జనవరి 29

పొడవు పళ్ళ రకం నాదగ్గర ఒక జత ఉంది. చలి ముదిరినప్పుడు పై శిఖరానికి వెళ్ళేవాళ్ళు వేసుకునేవి. ముందు వైపు కూడా రెండు పళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి. ఇక దీన్ని మించింది లేదని నా లెక్క. అమ్మాయికి తొడగమన్నాను. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని.

దాని బూట్లు మెత్తవి. నడిస్తే మధ్యలో వంగుతాయి. ఈ ఇనుప చట్రం వంగదు. నాలుగడుగులు వేసేసరికి మడమ దగ్గర వదులైపోయింది. ఐదో అడుగులో కుడి కాలి పళ్ళు ఎడమ ప్యాంటు అంచులో గుచ్చుకున్నాయి. బోర్లా పడింది.

పడి, నవ్వింది.

నేను అరిచాను. నవ్వడానికేముంది, ఇది గాజు వాలు అయితే నవ్వేదానివా, పాదానికీ పాదానికీ మధ్య జానెడు ఎడం పెట్టి నడవాలని తెలియదా, ఆ ప్యాంటేమిటి గుడారంలా, ఇంకా ఏవేవో అన్నాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. "దాన్ని పంపనన్నారుగా? పంపనిదానికి పాఠాలెందుకు?"

"ఎవరు పాఠం చెబుతున్నారు?"

"అయితే ఆ అరుపేమిటి? పక్కింటి వాళ్ళకు చెబుతున్నారా?"

సాయంత్రం చూస్తే ప్యాంటు అంచులు బిగించి నాడాలు కుట్టి ఉన్నాయి. నేను చెప్పలేదు. నేను చూసినట్టు మా ఆవిడకు తెలియనివ్వలేదు.

జనవరి 31

బావమరిది టౌనుకు వెళ్ళి వచ్చాడు. చలికి సాగే రబ్బరుతో గొలుసు రకం చిన్న సైజు ఒక జత, ఇంకో కొత్త రకం ఒక జత తెచ్చాడు. మిగతా సరుకు వారం పది రోజుల్లో వస్తుందట. ఆ కొత్తదానికి మధ్యలో మడత ఉంది, బూటు వంగితే అదీ వంగుతుంది. పళ్ళు గొలుసు వాటికన్నా పొడవు, నా వాటికన్నా పొట్టి. అడుగున ప్లాస్టిక్ పలక ఉంది, తడి మంచు ఉండలు కట్టి అతుక్కోకుండా. ముందూ వెనకా పాదాన్ని పట్టుకునే బుట్టలు, వాటికి పట్టీలు.

అమ్మాయి మడత రకం తీసుకుంది.

"నావి పళ్ళు పెద్దవి," అన్నాను.

"పెద్దవైతే ఏం నాన్నా, బూటు మీద నిలవనప్పుడు?"

"నాలాంటి గట్టి బూట్లు కొనుక్కోవచ్చుగా?"

"కొత్త బూట్లతో మొదటి రోజే గాజు వాలు ఎక్కమంటావా? నువ్వెక్కుతావా?"

ఎక్కను. కొత్త బూట్లతో ఎవడూ ఎక్కడు. ఆ మాట దానికి చెప్పలేదు. కింద దారికి గొలుసువి, గాజు వాలుకు మడతవి అని తేల్చింది. తేల్చింది అది. నేను ఊఁ కూడా అనలేదు.

అనలేదు కానీ పట్టీలు మాత్రం నేనే కోశాను. మరీ పొడవుంటే తోక వేలాడుతుంది, కాళ్ళకు అడ్డం పడుతుంది.

ఫిబ్రవరి 3

వాగు దగ్గర గట్టు గడ్డకట్టి ఉంది. అటు గాలి బాగుంటుందని నడిచాను. అమ్మాయి అప్పటికే అక్కడ ఉంది.

చేతి తొడుగులు తీయకుండా పట్టీలు బిగించమన్నాను. మొదటిసారి రాలేదు. తిట్టాను. రెండోసారి వచ్చింది. బకిల్ రెండు కాళ్ళకూ బయటివైపే ఉండాలన్నాను, లోపలుంటే రెండో కాలి పళ్ళు తగులుకుంటాయి. "తెలుసు నాన్నా" అంది. తెలిస్తే ఎడమది ఎందుకు తిరగేసి పెట్టావన్నాను. చూసుకుని మార్చుకుంది.

తర్వాత అడ్డంగా నడిచింది. పాదం వంచి అంచు మీద నిలబడకుండా, అడుగునున్న పళ్ళన్నీ ఒక్కసారే దిగేలా చదునుగా వేసింది. కర్ కర్ కర్ అని చప్పుడు. వెళ్ళింది, వెనక్కి వచ్చింది. రెండు కాళ్ళకూ పళ్ళున్నప్పుడు మనిషి అటూ ఇటూ తూగడు. మెట్లు దిగినట్టు దిగుతాడు. నేనెప్పుడూ అలా దిగలేదు.

అది వెళ్ళడం నాకిష్టం లేదు.

ఫిబ్రవరి 7

మళ్ళీ వాగు దగ్గరికి వెళ్ళాం. మేస్త్రీ, పిల్లికాళ్ళవాడు అటుగా వచ్చారు. ఎంత మంచులోనైనా పిల్లిలా నడుస్తాడని వాడికి ఆ పేరు. జట్టులో నాకన్నా చిన్నవాడు. పేరు పెట్టింది నేనే.

అమ్మాయి గట్టు మీద ఉంది. పిల్లికాళ్ళవాడు కాసేపు చూశాడు.

"ఏమ్మా, పార్టీతో వచ్చావా? మీ గైడ్ ఎక్కడ?"

మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఊరుకోరా. రెండు కాళ్ళకూ వేసుకుంది కదా అని టూరిస్టు అనుకోకు. మనమ్మాయే."

"చేతులకు కూడా రెండు కొనకపోయావా అన్నా? పాకుతూ వెళ్ళేది."

అమ్మాయి నా వైపు చూసింది. నేను వాగు వైపు చూశాను. వాగులో ఏమీ లేదు.

ఇంటికొచ్చాక దానికి చెప్పాను. "పార్టీలో ఎవరికైనా లేకపోతే ఒకటి ఇవ్వాలి. అది మన పద్ధతి. ఇవ్వనంటే జట్టులో నిలవలేవు."

"ఒకటి అడగనా నాన్నా?"

"అడుగు."

"ఆ రోజు ముందు జారింది ఏ కాలు? ముళ్ళున్నదా, లేనిదా?"

దీనికి జవాబు చెప్పాల్సిన పని లేదు. రబ్బరు తిరిగిపోయిందని ఊరందరికీ తెలుసు.

"నీ వెనక నడిచిన పార్టీవాడు ఆసుపత్రిలో అమ్మతో అన్నాడు," అంది. "కొండవైపు కాలు జారి, బరువంతా ఒక్కసారి ఇటు పడితే అప్పుడు తిరిగిందట గొలుసు."

కర్ర తీసుకుని కట్టెల కొట్టంలోకి వెళ్ళాను. అక్కడ నాకు పనేమీ లేదు. కట్టెలన్నీ మా ఆవిడ ఎప్పుడో పేర్చేసింది. వాటిని కూలదోసి మళ్ళీ పేర్చాను.

ఫిబ్రవరి 8

పార్టీవాడికి వెనక నుంచి ఏం కనిపిస్తుంది?

ఫిబ్రవరి 11

రేపు. ఇంట్లో ఎవరూ నా సరే కోసం ఆగలేదు. నన్నడిగితే వద్దనేవాడిని. అడగలేదు.

ఫిబ్రవరి 12

పొద్దున్నే పార్టీలు బయల్దేరే షెడ్డుకు నడిచాను. మా ఆవిడ వద్దంది, వద్దంటూనే ఫ్లాస్కు పట్టుకుని వెనకే వచ్చింది.

పార్టీలో సగం మంది ముళ్ళు లేకుండానే దిగారు. అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు టోపీలు కొంటారు, కళ్ళజోళ్ళు కొంటారు, కాలి కింద ఏముందో చూసుకోరు. బావమరిది కొట్లో అద్దెకు జతలు లేవు, పారేయించింది నేను. కొత్త సరుకు ఇంకా రాలేదు. మేస్త్రీ తనది ఒకటి ఒకరికిచ్చాడు. పిల్లికాళ్ళవాడు ఒకటి ఒకరికిచ్చాడు. మిగతా గైడ్లూ అంతే. ఆఖరికి ఒక బట్టల కొట్టు యజమాని మిగిలాడు. ఆయన బూట్లకు స్ప్రింగు తీగలున్నాయి. కొత్తవి, తళతళలాడుతున్నాయి. అమ్మాయి దగ్గరున్న గొలుసువి చిన్న సైజు, ఆయన బూటుకు ఎక్కవు.

"అమ్మాయ్, నీదొకటి ఇచ్చెయ్," అన్నాడు మేస్త్రీ, తాడు చుట్టుకుంటూ, టీ గ్లాసు ఇటివ్వు అన్నంత మామూలుగా.

అమ్మాయి కదల్లేదు. "ఇవ్వను పెదనాన్నా."

అందరూ ఆగిపోయారు. మేస్త్రీ నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఏమంటావు?"

"ఇచ్చెయ్యమ్మా," అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది. నేను అనాలనుకున్నానో లేదో తెలియదు. నోటికి అలవాటు.

అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. సంచి తాడు విప్పి మడతవి రెండూ తీసింది. తొందరపడలేదు, తొడుగులు కూడా తీయలేదు. రెండూ తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఒకటి నువ్వే తీసి ఆయనకివ్వు నాన్నా. రెండోది వేసుకుని వెళ్తాను, వెళ్ళనని అనను. కానీ నా ఏ కాలు ఖాళీగా పంపిస్తావో నువ్వే ఎంచు."

కుడిదీ ఎడమదీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. నేను కోసిన పట్టీలు. కర్ర ఎప్పుడు కింద పడిందో తెలియదు.

"కానీవయ్యా, ఎండెక్కుతోంది," అన్నాడు మేస్త్రీ.

అప్పుడు జట్టంతటినీ చూశాను. ఒక్కొక్కడికీ ఒక కాలికి ఇనుము, ఒక కాలికి ఏమీ లేదు. పిల్లికాళ్ళవాడు షెడ్డు ముందున్న మంచుగడ్డ మీద ఒంటికాలి కోడిలా నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళుగా నేనూ ఇలాగే నిలబడ్డాను, ఇది నాకెప్పుడూ కనిపించలేదు. మేస్త్రీ మీద కోపమొచ్చింది. మా నాన్న మీద, కమ్మరి మీద, తీగలు తొడుక్కొచ్చిన ఆ పెద్దమనిషి మీద కోపమొచ్చింది. ముందు జారిన కాలు మీద కోపమొచ్చింది. అది కొండవైపు కాలే. ముళ్ళు లేనిదే.

"మీరు ఎక్కడం లేదు," అన్నాను బట్టల కొట్టాయనతో.

"ఏమిటి?"

"ఈ తీగలతో మీ కొట్టు ముందున్న వీధి దాటొచ్చు. కొండెక్కలేరు. ఇక్కడే కూర్చోండి."

"నేను ముందే చెప్పి వచ్చానయ్యా! నన్నాపడానికి నువ్వెవరు? అసలు నువ్వు గైడ్‌వేనా?"

"పడ్డ గైడ్‌ని," అన్నాను.

మేస్త్రీ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించాడంటే నిజంగా అంటున్నట్టే. "ఈ ఒక్కరోజుకు పరువు నిలబెట్టు. వచ్చినాయన్ని దింపేస్తే నీ ఇంటి వంతు గురించి నేను జట్టుకు ఏం చెప్పను?"

"పోతే పోనీ. ఏం చెబుతావో చెప్పుకో."

మోకాలు వంగదని ఇన్నాళ్ళుగా అందరికీ చెబుతున్నాను. వంగింది. మంచులో కూర్చుని అమ్మాయి కుడి కాలికి కట్టాను, ఎడమ కాలికి కట్టాను. బకిళ్ళు బయటివైపు. పట్టీ లాగి చూశాను, కాలు పట్టుకుని తిప్పి చూశాను. కదల్లేదు. నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నొప్పికే.

"ఇవి గాజు వాలుకు కదా నాన్నా," అంది మెల్లగా. "కింద దారికి గొలుసువి వేసుకోవాలి."

"తెలుసు. షెడ్డు దాటాక గొలుసువి మార్చుకుంటావులే. ముందు నడువు."

నవ్వలేదు. మంచిదైంది, నవ్వి ఉంటే తిట్టేవాడిని. మేస్త్రీ తాడు ముందుకు విసిరాడు. కదిలారు.

నన్ను లేపడానికి మా ఆవిడ, అక్కడే ఉన్న బావమరిది ఇద్దరూ కావాల్సొచ్చింది.

బట్టల కొట్టాయన రోజంతా షెడ్డులో కూర్చుని నన్ను తిట్టాడు. నేనూ తిట్టాను. మా ఆవిడ ఇద్దరికీ టీ పోసింది. మధ్యాహ్నానికి ఆయన గొంతు పోయింది. అప్పుడు ఆయన బూటు విప్పించి, స్ప్రింగు తీగ ఎందుకు పనికిరాదో చూపించాను. విన్నాడో లేదో తెలియదు, చెప్పడం మాత్రం ఆపలేదు.

పొద్దువాలే వేళకు దిగారు. అందరూ. అమ్మాయి అన్నం తిని, ముఖమైనా కడుక్కోకుండా పడుకుంది.

ఫిబ్రవరి 13

మేస్త్రీ వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడ్డాడు.

"చూశావా? అందరూ ఒంటి ముళ్ళతో వెళ్ళారు, అందరూ వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకటిస్తే నీ కూతురికి మటుకు ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదేమో."

"మరి?"

ఎవరూ పడకపోవడం మంచిదే. ఎవరూ పడలేదు కనుక ఎవరికీ ఏమీ తెలియలేదు. తలుపు వేసేశాను, ఆయన ముఖం మీదే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చేయలేదు.

వంతు సంగతి జట్టు కూర్చుని తేలుస్తుందని వీధిలోంచి అరిచి వెళ్ళాడు.

"వాలు ఎలా ఎక్కింది?" అని అమ్మాయి గురించి అడుగుదామనుకున్నాను. ఆయన వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 14

ఎవరూ మాట్లాడించలేదు. నేనూ ఎవరినీ మాట్లాడించలేదు.

ఫిబ్రవరి 16

జట్టు ఇంకా కూర్చోలేదు. కూర్చోనీ.

పొద్దున పెరటివైపు తలుపు చప్పుడైంది. పిల్లికాళ్ళవాడి భార్య. ముందు వైపు నుంచి రాలేదు, వీధిలో చూస్తారని కాబోలు. నన్ను చూసి తల దించుకుని నేరుగా మా ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. నాకు వినిపించకూడదన్నట్టు మాట్లాడుకుంటే నాకు ఇంకా బాగా వినిపిస్తుంది.

"మీ అమ్మాయి కట్టుకున్నవి ఏ రకం అక్కా?"

"ఆయన్నే అడుగు. ఈ ఊళ్ళో ముళ్ళ మీద మాట్లాడే హక్కు ఆయనకొక్కడికే ఉంది."

"అమ్మో, తిడతారు."

"తిడతారు. తిట్టాక చెబుతారు."

వచ్చి నా ముందు నిలబడింది. శాలువ కింద నుంచి మొగుడి బూటు తీసి బల్ల మీద పెట్టింది. వాడికి తెలియకుండా తెచ్చిందట. తిరగేసి చూశాను. అడుగు అరిగిపోయి అరచేయిలా నున్నగా ఉంది.

"దీన్నేసుకునా వాడు కొండెక్కుతున్నాడు?"

బూటు పట్టుకుని మధ్యలో వంచి చూశాను. మెత్తనిదే, మడత రకమే పట్టాలి. చిన్న సైజా, నడిమి సైజా అని కొలవబోయాను. దారం కావాలన్నాను. మా ఆవిడ తెచ్చిచ్చింది.

"రెండోది ఏది?" అన్నాను.

"ఏమిటి బావగారూ?"

"రెండో బూటు. ఏది?"

"ఒకటి సరిపోతుందనుకుని తేలేదు."

"వెళ్ళి తీసుకురా," అన్నాను.